నిలిచిన బొమ్మలో నడచు కాలము

ఒక ఛాయాచిత్రమును మెచ్చుకొనవలసి వచ్చినపుడు నేడు పిన్నలు, పెద్దలు కూడ వాడుచున్న మాట ఒకటి కలదు: “అచ్చము సినిమాలో వలె ఉన్నది.” పెండ్లి పందిటిలోను, తిరునాళ్ళలోను, పాఠశాల వార్షికోత్సవములోను ఈ మాట వినబడుచునే యుండును. మెచ్చుకోలు మంచిదే. కాని ఆ మాటకు అర్థమేమని అడిగినచో సమాధానము చెప్పగలవారు తక్కువ. బొమ్మ కదలదు, సినిమా కదలును. కదలని దానిని కదలు దానితో పోల్చి మెచ్చుకొనుటలో ఏదో ఒక సత్యము ఉండియుండవలెను. ఆ సత్యము తెలిసినచో బొమ్మ తీయువానికి ఒక విద్య అబ్బును. తెలియనిచో వేషము మాత్రమే మిగులును.

నేడు వేషమే ఎక్కువగా కనబడుచున్నది. సెల్‌ఫోనులో ఒక గుర్తును తాకిన చాలు, మనిషి వెనుకనున్న లోకమంతయు మసకబారును. మరియొక దానిని తాకిన బొమ్మకు పైన, క్రింద నల్లని పట్టీలు వచ్చును. ఇంకొక దానితో నీడలు నీలముగను, ముఖములు పసిమిగను మారిపోవును. ఇవి యన్నియు సినిమా పైతొడుగులు. నాటకములో కిరీటము పెట్టుకొన్నవాడు రాజు కానట్లే, నల్లని పట్టీలు కట్టుకొన్న బొమ్మ సినిమా కాజాలదు.

నిజమునకు నిశ్చల ఛాయాచిత్రమునకు, చలనచిత్రమునకు ఉన్న చుట్టరికము చాల దగ్గరిది. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తు గుఱ్ఱమును వరుసగా అమర్చిన కెమెరాలతో తీసి, దాని అడుగులను విడివిడిగా చూపెను. 1895 డిసెంబరు 28న పారిస్ నగరమున లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని కదలు బొమ్మలను ప్రదర్శించిరి; 1896 జూలై 7న ఆ బొమ్మలు బొంబాయికి వచ్చినవి. అనగా సినిమాకు తల్లి ఛాయాచిత్రమే. అటు పిమ్మట బిడ్డ తల్లి ఋణము తీర్చుకొన్నది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ 1913–14 ప్రాంతమున సినిమా ఫిల్మునే వాడుకొను చిన్న కెమెరా నొకదానిని తయారుచేసెను. సినిమాలో 18 మిల్లీమీటర్ల ఎత్తు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గల బొమ్మ పడెడిది. ఆయన ఫిల్మును అడ్డముగా నడిపించి, రెండు బొమ్మల చోటును ఒక్క బొమ్మకే ఇచ్చెను. 24కు 36 మిల్లీమీటర్ల ఆ కొలత 1925లో లైకా కెమెరాతో బజారునకు వచ్చినది. నేటి పెద్ద డిజిటల్ కెమెరాలలోను అదియే నిలిచియున్నది. ఛాయాగ్రాహకుడు మూడుకాళ్ళ పీటను, నల్లని ముసుగును విడిచి చేతిలో పట్టు కెమెరాతో వీధిలోనికి రాగలుగుటలో సినిమా ఫిల్ము పాలు గొప్పది.

మాటలు వచ్చిన నాటినుండి సినిమా సెకనుకు 24 బొమ్మల చొప్పున నడచుచు వచ్చినది. ఒక్కొక్క బొమ్మకు గల వ్యవధిలో సాధారణముగా సగము సేపే కెమెరా కన్ను తెరచియుండును; అనగా ఒక బొమ్మపై వెలుగు పడు కాలము సెకనులో 48వ వంతు. ఈ లెక్కలోనే ఒక రహస్యమున్నది. ఆ కాస్త కాలములో నడచువాని పాదము, ఊగు కొమ్మ, గాలికి లేచిన పైట కొంచెము చెదరును. సినిమా చుట్టనుండి ఒక బొమ్మను కత్తిరించి చూచినచో అది సంపూర్ణముగా ఉండదు. చేయి సగము లేచియుండును. పెదవిపై మాట సగమే పలికియుండును. దీనికి ముందేమి జరిగెనో, తరువాత ఏమి జరుగునో అని చూచువాని మనసు తడుముకొనును. ఆ తడుములాటయే సినిమా రుచి. నిశ్చలమైన బొమ్మకు సినిమా గుణము అబ్బుట యనగా, గడచిన క్షణమును, రాబోవు క్షణమును అది తనలో ఇముడ్చుకొనుట. తక్కినవన్నియు దీని తరువాతివే.

ఒక ఉదాహరణము చాలును. నెల్లూరు సీమ పడమటి అంచున వెలిగొండల దాపున కలువాయి యున్నది. అచ్చటి బస్సు ఆగు చోట, పైచదువునకు నెల్లూరు పోవుచున్న కుమారుని సాగనంపుటకు ఒక తల్లి వచ్చినదనుకొందురు గాక. ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి, కెమెరా వంక చూడుడని చెప్పి ఒక బొమ్మ తీయవచ్చును. ముఖములు స్పష్టముగా వచ్చును, పోలికలు తెలియును. ఆ బొమ్మను కొట్టివేయరాదు. ఇంటి గోడకు అది కావలసినదే. కాని రెండు నిమిషములు ఓపిక పట్టినవానికి మరియొక బొమ్మ దొరకును. పిల్లవాని కాలొకటి బస్సు మెట్టుపై నున్నది. రెండవది నేలపై నున్నది. సంచి అతని భుజమున కెక్కినది. తల్లి చేయి మాత్రము సంచి పట్టెడను ఇంకను విడువలేదు. ఆమె ముఖము సగమే కనబడుచున్నది. కండక్టరు చేయి గంట త్రాటి దగ్గర నున్నది. ఈ బొమ్మలో ఎవరును కెమెరాను చూచుటలేదు. ఐనను చూచువాడు కదలిపోవును. ఎందుచేత? మరుక్షణము బస్సు కదలునని, ఆ చేయి విడివడునని అతనికి తెలియును. బొమ్మలో లేని మరుక్షణమే బొమ్మకు ప్రాణము.

ఈ సత్యమునకు చరిత్రలో గొప్ప సాక్ష్యము కలదు. ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ 1930 తరువాతి సంవత్సరములలో సినిమా దర్శకుడు ఝాఁ రెన్వార్ వద్ద సహాయకుడుగా పనిచేసినవాడు. 1947–48లో ఆయన భారతదేశమున నుండెను. 1948 జనవరి 30 రాత్రి, గాంధీజీ ఇక లేరని బిర్లా భవన ద్వారముకడ నెహ్రూ జనులకు చెప్పుచున్న దృశ్యమును ఆయన తీసెను. ఆ బొమ్మలో చీకటి ఎక్కువ, స్పష్టత తక్కువ, అంచులు చెదరియున్నవి. పరీక్షాధికారి మార్కులు వేయదలచినచో దానిలో తప్పులు చాల దొరకును. కాని ఆ రాత్రి దేశము ఎట్లుండెనో అంత స్పష్టముగా చెప్పు బొమ్మ మరియొకటి అరుదు. చెదరుట సర్వదా దోషము కాదు. దేనికొరకు చెదరినదో ఆ కారణము బొమ్మలో కనబడిన చాలును.

తెలుగువారికి నిశ్చల చిత్రమన్న వెంటనే జ్ఞాపకము వచ్చునవి మరి రెండు కలవు. ఒకటి, సినిమా హాలు ముంగిట అద్దపు పెట్టెలలో అంటించిన ‘స్టిల్స్’. చాలమంది అవి సినిమానుండి కత్తిరించిన బొమ్మలని తలచెడివారు. కాని పూర్వము అవి సాధారణముగా వేరుగా తీసినవి. దృశ్యము పూర్తియైన పిమ్మట నటులను అదే భంగిమలో మరల నిలిపి, స్టిల్ ఛాయాగ్రాహకుడు తన కెమెరాతో తీసెడివాడు. అందుచేతనే వానిలో కొన్ని మిక్కిలి అందముగానుండియు కొయ్యబారియుండును. రెండవది, పట్టణపు స్టూడియోలోని తెర. రంగులతో వ్రాసిన ఉద్యానవనమో, మేడమెట్లో వెనుక వ్రేలాడుచుండగా కుటుంబము ఊపిరి బిగబట్టి నిలిచెడిది. ఆనాటి ఫిల్ములకు వెలుగు ఎక్కువసేపు కావలసివచ్చెడిది గనుక కదలకుండుట అవసరమే. కాని అవసరము తీరినను అలవాటు తీరలేదు. నేడు చేతిలోని ఫోను సెకనులో వెయ్యవ వంతులో బొమ్మ తీయగలదు. ఐనను దాని ఎదుట నిలిచినవారు తాతల నాటి వలెనే కొయ్యబారుచున్నారు. వారికి తోడు రెండు వ్రేళ్ళు పైకెత్తు నూతనాచారము మాత్రము చేరినది.

రెండవ పాఠము వెలుగును గూర్చినది. తెలుగు సినిమాలో ఈ పాఠము నేర్పిన మహనీయుడు మార్కస్ బార్ట్లీ. ఆయన తొలుత బొంబాయిలో పత్రికా ఛాయాగ్రాహకుడు. పిమ్మట వార్తాచిత్రములు తీసి, 1945లో వెలువడిన ‘స్వర్గసీమ’తో మన సినిమాలోనికి వచ్చెను. ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) ఆయన చేతి చలువను పొందినవే. ‘మాయాబజార్’లోని పడవ షికారు దృశ్యమున వెన్నెలను చూచి ముగ్ధులు కానివారు లేరు. నిజమైన వెన్నెలలో అట్టి దృశ్యమును పట్టుకొను శక్తి ఆనాటి ఫిల్మునకు లేదు. కనుక ఆ వెన్నెల కల్పితము. ఐనను అబద్ధమనిపించదు. కారణమేమన, వెన్నెల ఎటనుండి రావలెనో, నీట ఎచ్చట మెరయవలెనో, ముఖమున ఎంత నీడ మిగులవలెనో ఎఱిగిన కన్ను దానిని కల్పించినది.

వంగదేశమున సుబ్రత మిత్ర చేసిన పని కూడ ఇట్టిదే. సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’ (1955)కి పూర్వము ఆయన సినిమా కెమెరాను పట్టినవాడు కాడు. నిశ్చల ఛాయాచిత్రములు తీసిన అనుభవముతో వచ్చినవాడు. ‘అపరాజితో’ (1956) కొరకు కాశీలోని ఒక ఇంటి లోగిలిని స్టూడియోలో కట్టవలసివచ్చినది. అట్టి లోగిలిలో వెలుగు పైనున్న ఆకాశమునుండి మెత్తగా దిగును. ఒకదానికొకటి అడ్డమగు నీడలు అచ్చట ఉండవు. అందుచేత ఆయన పైన తెల్లని గుడ్డను పరపించి, దీపములను దానిపైకి త్రిప్పి, గుడ్డనుండి క్రిందికి జారిన వెలుగులో దృశ్యమును తీసెను. బార్ట్లీ వెన్నెలకు, మిత్రా తెల్లగుడ్డకు మూలసూత్రమొక్కటే: వెలుగునకు ఒక ఇల్లుండవలెను. అది ఎచ్చటనుండి వచ్చుచున్నదో చూచువానికి తోచవలెను. ముఖముపై తిన్నగా గ్రుమ్మరించిన ఫోను దీపమునకు అట్టి ఇల్లు లేదు. అందుచేతనే దానిలో మనుషులు దొంగతనమున పట్టుబడినవారివలె కనబడుదురు.

ఈ పాఠమునకు స్టూడియో అక్కరలేదు. కలువాయి ప్రాంతపు విద్యార్థికి వెలిగొండలే గురువులు. కొండలు పడమట గోడవలె నిలిచియున్నందున సూర్యుడు నేలమట్టమునకు దిగకమునుపే వాని చాటునకు పోవును. అటు తరువాత కొంతసేపు ఆకాశము వెలుగుచునే యుండును. నేలపై పదునైన నీడలుండవు. మిత్రా గుడ్డనుండి జారిన వెలుగు అప్పుడు ఊరంతటికిని ఉచితముగా దొరకును. దానికి కొంచెము ముందు, పొద్దు ఇంకను కొండకొమ్ముపై నుండగా, గొఱ్ఱెల మంద ఊరికి మరలును. నెల్లూరు జాతి గొఱ్ఱెలు పొడుగుకాళ్ళవి. వాని నడకలో ధూళి బాగుగా లేచును. సూర్యుని వీపునకు పెట్టుకొని తీసినచో ఆ ధూళి వెలవెలబోవును. సూర్యుని ఎదురుగా పెట్టుకొని తీసినచో అదే ధూళి బంగారు పొడియగును. ధూళి కణములు తమ వెనుకనుండి వచ్చిన వెలుగును ముందునకు వెదజల్లుటయే దీనికి కారణము. భౌతికశాస్త్రపు పుస్తకములో కాంతి పరిక్షేపణమని చదివినది ఊరి బాటపై కంటికి కట్టును.

మూడవ పాఠము చోటును గూర్చినది. 1953లో హాలీవుడ్‌లో ‘ది రోబ్’తో సినిమాస్కోపు వచ్చినది, తెలుగులో 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’తో అది అడుగుపెట్టినది. తెర వెడల్పు ఎత్తునకు రెండింతలకు మించినది. వెడల్పైన తెర దర్శకునికి ఒక ప్రశ్న వేసెను: మనిషి ప్రక్కన మిగిలిన ఈ చోటునంతయు ఏమి చేయుదువు? నేర్పరులు ఆ చోటున మనిషి బ్రదుకును చూపిరి. పొలమును, ఆకాశమును, తలుపు చాటున నిలిచిన మరియొక మనిషిని చూపిరి. బొమ్మలో మనిషిని నట్టనడుమ నిలిపి చుట్టునున్నదానిని మసకబార్చుటకు ఇది సరిగా ఎదురుదారి. నిమ్మతోటలో కాయలు కోయు కూలిని తీయునపుడు, ఆమె ముఖము వెనుకనున్న చెట్లను చెరిపివేసినచో ఆమె ఎవరైనను కావచ్చును. తట్ట, ముండ్లకొమ్మ, గట్టుపైనున్న అన్నపు గిన్నె, దూరమున కొండ కూడ చేరినపుడే ఆమె ఆ ఊరి మనిషి యగును.

ఇంతవరకు చెప్పినది చదివి, ఇది వేడుకకు సంబంధించిన విషయమేకదా, ఉపాధ్యాయులకు దీనితో పనియేమి యని అడుగువారుందురు. వారు ఒక్కసారి కలువాయికి ఇరువైపులనున్న నీళ్ళను తలచుకొనవలెను. ఒక వంక పెన్నపై 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయము. మరియొక వంక రాపూరు ప్రాంతమున తెలుగుగంగ పథకపు 68 టి.ఎం.సి.ల కండలేరు జలాశయము. ఆ నీటితో పొలములు పండుచున్నవి. 1996 నుండి మద్రాసు మహానగరపు దాహము తీరుచున్నది. ఆ మేలును కాదనువారు లేరు. కాని ఆ నీటి క్రింద ఊళ్ళున్నవి. సోమశిల ముంపులో కడప జిల్లా గ్రామములు ఎన్నో పోయినవి. ఊళ్ళు విడిచి వచ్చిన కుటుంబముల పెట్టెలలో ఛాయాచిత్రములు లేవా? ఉన్నచోట పెండ్లి బొమ్మలుండును. స్టూడియో తెర ముందు నిలిచిన తాత బొమ్మ యుండును. కాని ఆ బొమ్మలో వెనుకనున్నది రంగుల ఉద్యానవనము. తాత కూర్చుండిన రచ్చబండ లేదు. ఆయన నడచిన వీధి లేదు. సాయంకాలము బావికడ నిలిచిన ఆడువారి గుంపు లేదు. మనిషి మిగిలినాడు, ఊరు మిగులలేదు. మనుమడు అడిగినపుడు అవ్వ చేతితో గాలిలో గీసి చూపవలసినదే: “ఇక్కడ గుడి, ఇక్కడ మన ఇల్లు.”

నీటిలో మునుగుట ఒక్కటే ముంపు కాదు. కవిలె తోలిన బావి పూడినది. మట్టిమిద్దె పడి సిమెంటు మేడ లేచినది. చింతచెట్టు రోడ్డు వెడల్పునకు బలియైనది. ప్రతి ఊరును ఏదో ఒక కాలపు నీటిలో మెల్లమెల్లగా మునుగుచునే యున్నది. ఫోనులు లేని కాలములో బొమ్మలు లేకుండుట దురదృష్టము. ఇంటింట ఫోనున్న కాలములో, లక్షల బొమ్మలు తీసియు ఊరిని చూపు బొమ్మ ఒకటైనను లేకుండుట అపరాధము. సినిమా కన్ను నేర్పవలసినది ఇందుకొరకే. అందమునకు మాత్రమే కాదు.

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: సినిమా యనగానే కల్పన, ఆ దృష్టి అలవాటైనచో పిల్లలు నిజమును దిద్ది నటింపజేయరా? భయము న్యాయమైనదే. అందుచేత హద్దు గీయవలెను. దర్శకుడు మనుషులను పిలిచి నిలుపును. ఛాయాగ్రాహకుడు వారికొరకు కాచుకొనును. వెలుగును ఎన్నుకొనవచ్చును, నిలుచు చోటును ఎన్నుకొనవచ్చును, క్షణమును ఎన్నుకొనవచ్చును. జరగనిదానిని జరిగినట్లు చూపరాదు. మరియొక హద్దు కూడ ముఖ్యమైనది. ఎవరి ముఖమైనను వారిదే. ముందుగనో వెనుకనో అడిగి, వలదన్నచో చెరిపివేయవలెను. దుఃఖములో నున్నవారిని, స్నానపు రేవులోనున్నవారిని బొమ్మ తీయుట కళ కాదు, అమర్యాద.

రెండవ ఆక్షేపణ: పాఠశాలకు ఫోనులు తెచ్చినచో చదువు పాడగును. నిజమే, అందరును తేనక్కరలేదు. తరగతికి ఉపాధ్యాయుని ఫోను ఒక్కటి చాలును. అంతకుముందు ఒక అట్టముక్క చాలును. అట్టలో 12 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు గల కిటికీ కోసినచో అదియే సినిమాస్కోపు. కంటికి దగ్గరగా పెట్టిన లోకము విశాలమగును. చేయి చాచి చూచిన ఇరుకగును. దూరపు దృశ్యము, దగ్గరి దృశ్యము అను భేదము ఖర్చు లేకుండ తెలియును. ఒక వారము దినములు అట్టతో చూచినవాడు, ఫోను చేతికి వచ్చిననాడు నూరు బొమ్మలు తీయడు, మూడు తీయును.

ఈ మార్గమున ప్రతి ఉన్నత పాఠశాలయు ఏడాదికొక ఊరి బొమ్మల పుస్తకమును తయారుచేయవచ్చును. ఒక జట్టునకు ఒక పని అప్పగింపవలెను. నిమ్మకాయ తోటనుండి అంగడికి పోవు ప్రయాణమును తీసికొన్నచో ఐదు బొమ్మలలో చెప్పవచ్చును: దూరమునుండి తోట, కొమ్మలో దూరిన చేయి, గోనెపై కాయలనేరు ఇద్దరు, బండికెక్కుచున్న బస్తా, చివరకు పొద్దుగూకు వేళ ఖాళీయైన తోట. ఐదింటిని వరుసగా పేర్చిన అది సినిమాయే. భౌతికశాస్త్రోపాధ్యాయుడు వెలుగును గూర్చి చెప్పును. తెలుగు పండితుడు ఒక్కొక్క బొమ్మ క్రింద రెండు వాక్యములు వ్రాయించును. సాంఘికశాస్త్రోపాధ్యాయుడు ఊరు, తేది, పనిముట్టు పేరు తప్పక వ్రాయించును. బొమ్మలను కాగితముపై అచ్చొత్తించి పాఠశాల గ్రంథాలయమున దాచవలెను. ఫోను పాడగును, పోవును, మారును; బీరువాలోని పుస్తకము తరువాతి తరగతికి అందును.

పిల్లలు పెద్దవారై చదువునకో, కొలువునకో ఊరు విడిచి పోవుట సహజము. పోవుచున్న పిల్లవాని ఫోనులో తన ముఖము వేయి విధముల ఉండును. వానితోపాటు తాను బస్సెక్కిన ఉదయపు వెలుగు, సంచి పట్టెడను విడువని చేయి కూడ ఉన్ననాడు, అతడు వెంట తీసికొనిపోవునది ఒక బొమ్మ మాత్రమే కాదు, ఒక ఊరు. వేసవి సెలవులు ముగిసి బడి తెరచిన మొదటి వారమున, పిల్లలచేత అట్టముక్కలో ఒక కిటికీ కోయించుటతో ఉపాధ్యాయులు ఈ పనిని ఆరంభింపవచ్చును.